తొలి మాట ఎవరిది?

పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో సిల్వియా ఆష్టన్-వార్నర్ ‘టీచర్’ నా చేతికి వచ్చింది. వేరే ఏదో పుస్తకం కోసం వెతుకుతూ లైబ్రరీలో బి.ఇడి. వాళ్ళ అరల వైపు వెళ్తే కనిపించింది. అదే రచయిత్రి నవల ‘స్పిన్‌స్టర్’ పై అంతస్తులో, ఇంగ్లీషు సాహిత్యం అరల్లో ఉందని తర్వాత తెలిసింది. ఒకే మనిషి, ఒకే రకం బడి గది గురించి రాసిన రెండు పుస్తకాలు. నవలలు చదివేవాళ్ళు ఒకటి చదివారు, టీచర్లకి పాఠాలు చెప్పేవాళ్ళు రెండోది చదివారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఆమె అర్థం కాదని నాకనిపిస్తుంది.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ ముప్ఫై నాలుగేళ్ళు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసింది. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ఆమెకి ఒకటో తరగతే ఇచ్చారు. ‘చిన్నపిల్లలు కదమ్మా, ఆడటీచరుంటేనే బావుంటుంది’ అనేవారట హెడ్మాస్టర్లు. ఐదో తరగతి మాత్రం ఎప్పుడూ మగ టీచర్లదే. ‘టీచర్’లోని కొన్ని పేజీలు నేను అమ్మకి తెలుగులో చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం వింది. ‘బావుంది. పిల్ల చెప్పిన మాట రాసిచ్చింది, సరే. ఆ తర్వాత ఏం చేసింది?’ అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పుస్తకం గురించి నేను చదివిన విమర్శల్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

సిల్వియా 1908లో న్యూజిలాండ్‌లో పుట్టింది. తండ్రి కీళ్ళవాతంతో మంచం పట్టాడు. పెద్ద కుటుంబాన్ని తల్లి బడిపంతులమ్మ ఉద్యోగం చేసి నెట్టుకొచ్చింది. అంటే సిల్వియా చిన్నప్పుడు చూసిన టీచరుద్యోగం ఆదర్శమూ కాదు, సేవా కాదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆడమనిషి చేసే పని. తనకి ఆ ఉద్యోగమంటే ఇష్టం లేదని ఆమె ఎక్కడా దాచుకోలేదు. పియానో వాయించాలనీ, బొమ్మలు వెయ్యాలనీ కలలు కంది. ఆక్లండ్‌లో టీచర్ ట్రెయినింగ్ అయ్యాక 1932లో తోటి ఉపాధ్యాయుడు కీత్ హెండర్సన్‌ని పెళ్ళి చేసుకుంది. ముగ్గురు పిల్లలు. తర్వాత భార్యాభర్తలిద్దరూ మావోరి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బడులకి వెళ్ళారు. అప్పట్లో వాటిని ‘నేటివ్ స్కూళ్ళు’ అనేవాళ్ళు. ఆ బడుల్లో ఒక పద్ధతి ఉండేది: భర్త హెడ్మాస్టరు, భార్య అసిస్టెంటు. అసిస్టెంటుకి దక్కేది చిన్నపిల్లల గది. మా అమ్మకి ఒకటో తరగతి ఎలా వచ్చిందో, సిల్వియాకి ఆ గది అలాగే వచ్చింది. ప్రపంచం తర్వాత మెచ్చుకున్న విద్యా సిద్ధాంతం పుట్టింది ఈ మూలకి నెట్టిన గదిలోనే.

ఆ సిద్ధాంతం చెప్పడానికి చాలా తేలిక. ఐదేళ్ళ పిల్ల బడికి వచ్చేసరికి ఆమె లోపల కొన్ని మాటలు సిద్ధంగా ఉంటాయి. భయంతోనో, ప్రేమతోనో, కోపంతోనో నిండిన మాటలు. టీచరు పొద్దున్నే ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి ‘నీకు ఏ మాట కావాలి?’ అని అడుగుతుంది. పిల్ల చెప్పిన మాటని పెద్ద అట్టముక్క మీద నల్ల క్రేయాన్‌తో రాసిస్తుంది. పిల్ల వేలితో ఆ అక్షరాల మీద దిద్దుతుంది. ఆ అట్ట ఇక ఆ పిల్ల సొంతం. మర్నాడు అట్టలన్నీ నేలమీద కలిపి పోస్తే, ఎవరి మాట వాళ్ళు వెతుక్కుని తీసుకోవాలి. గుర్తుపట్టలేని మాటని టీచరు పక్కన పడేస్తుంది. పిల్ల తప్పు చేసిందని కాదు, ఆ మాట పిల్ల లోపలి నుంచి వచ్చింది కాదని. నిజంగా లోపలి మాటయితే ఒక్కసారి చూస్తే చాలు, మర్చిపోవడం ఉండదు. వీటిని ఆమె కీలక పదాలు అంది. ఎక్కువమంది పిల్లల దగ్గర దయ్యం, ముద్దు అనే రెండు మాటలు దొరికాయి. ఒకటి భయం, ఒకటి కామం. మనిషిని నడిపే రెండు పెద్ద శక్తులు ఇవేనని ఆమె నమ్మకం. మానసికంగా కుప్పకూలిన రోజుల్లో వెల్లింగ్టన్‌లో ఒక వైద్యుడి దగ్గర చికిత్స పొందింది. ఆ చికిత్స ఆమెకి మనోవిశ్లేషణని పరిచయం చేసింది.

‘టీచర్’లో రంగి అనే కుర్రాడి ఉదంతం చాలా ప్రసిద్ధం. అప్పట్లో ఆ బడుల్లో చదివించే వాచకం ‘జానెట్ అండ్ జాన్’. శుభ్రమైన ఇల్లు, శుభ్రమైన అన్నాచెల్లెళ్ళు, కుక్కపిల్ల. అందులోని ‘రా’, ‘చూడు’ లాంటి మాటలు నేర్చుకోడానికి రంగికి నాలుగు నెలలు పట్టింది. కసాయికత్తి, జైలు, పోలీసు, ఏడుపు, ముద్దు, నాన్న, అమ్మ లాంటి మాటలకి నాలుగు నిమిషాలు పట్టింది.

ఇక్కడ అమ్మ అనుభవం చెప్పాలి. ఆమె సిల్వియా పేరు వినలేదు. కానీ 1990ల చివర్లో డి.పి.ఇ.పి. వాళ్ళు బోధనోపకరణాలకని టీచరుకి ఏడాదికి ఐదొందలిచ్చే రోజుల్లో, చార్టులు ఊరికే గోడకి వేలాడుతున్నాయని విసుగొచ్చి, పాత శుభలేఖల వెనకవైపు పిల్లలు చెప్పిన మాటలు రాసి వాళ్ళకే ఇవ్వడం మొదలుపెట్టింది. తెలుగు నేర్పడానికి మనకొక తిరుగులేని వరస ఉంది కదా: అక్షరాలు, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. ఒత్తు వచ్చేదాకా పిల్లకి ‘అమ్మ’ కూడా రాయడం రాకూడదు! ఒక పాప ‘బెల్టు’ అంది. అమ్మ రాసిచ్చింది. ‘ల్టు’ సంయుక్తాక్షరం. గుణింతాలు కూడా రాని ఆ పిల్ల మర్నాడు యాభై శుభలేఖల కుప్పలోంచి దాన్ని చటుక్కున తీసుకుంది. తనిఖీకి వచ్చిన అధికారి ఆ అట్ట చూసి, ‘ఒత్తులు మూడో టర్ములో కదమ్మా, ఇప్పుడే ఎందుకు?’ అని టీచింగ్ నోట్సు అడిగాడట. నోట్సులో ఆ వారం ‘తలకట్టు’ అని ఉంది. అమ్మ మందలింపు తింది. ఆ పాప చెప్పింది నాన్న నడుముకుండే బెల్టు గురించో, నాన్న వెళ్ళే బెల్టు షాపు గురించో అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఆ అధికారికి ఆ ప్రశ్నే రాలేదు.

సిల్వియా కొట్లాట కూడా సరిగ్గా ఈ చోటే. టీచరు ఎదుగుదలని ఎవరు కొలవాలి? దేనితో కొలవాలి? న్యూజిలాండ్‌లో అప్పుడు ఇన్‌స్పెక్టర్లు టీచర్లకి గ్రేడు వేసేవాళ్ళు. ఆ గ్రేడు మీదే ప్రమోషను, బదిలీ, పరువు. దాని కోసం వర్క్‌బుక్కు రాయాలి, టైంటేబుల్ పాటించాలి, పిల్లలు చప్పుడు చెయ్యకూడదు. సిల్వియా గదిలో పిల్లలు పాడేవాళ్ళు, గెంతేవాళ్ళు, మట్టి పిసికేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. అందర్నీ ఒక్కసారి ఆపాలంటే ఆమె అరవదు. పియానో దగ్గరికెళ్ళి బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి స్వరాలు కొడుతుంది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. పిల్లల మనసు రెండు నోళ్ళున్న అగ్నిపర్వతమనీ, సృజన నోరు తెరుచుకున్న కొద్దీ విధ్వంసపు నోరు మూసుకుపోతుందనీ ఆమె అంటుంది. ఇంత అలజడినీ ఇన్‌స్పెక్టరు ఏ గడిలో మార్కు వేస్తాడు?

1958లో వచ్చిన ‘స్పిన్‌స్టర్’లో ఈ ఇన్‌స్పెక్టరు భయం ప్రతి పేజీలోనూ ఉంది. కథానాయిక అన్నా వొరొంటొసోవ్ నడివయసు దాటుతున్న పెళ్ళికాని టీచరు. బడికి వెళ్ళేముందు కాస్త బ్రాందీ తాగితే గాని గదిలో అడుగు పెట్టలేదు. గత అధికారులందరి దెయ్యాలూ ఆమె మెడమీద కూర్చున్నాయి. చాలామంది విమర్శకులు దీన్ని ఆమె మానసిక దౌర్బల్యంగా చదివారు. ఉద్యోగం చేసే ఏ ఆడమనిషికైనా అది దౌర్బల్యంగా కనిపించదు. తన పని బాగుందని తనకి తెలిసినా, పై అధికారి కళ్ళతో తనని తాను చూసుకుని ముడుచుకుపోవడం మనకి తెలియనిది కాదు. ఈ నవలలో మంచి అధికారి కూడా ఉన్నాడు, అబర్‌క్రాంబీ. అన్నా చేస్తున్నదాని విలువ గుర్తిస్తాడు, ప్రోత్సహిస్తాడు. అయినా చివరికి గ్రేడింగు ఆమెని కిందకే తోస్తుంది. ఒక్క మంచివాడి మెప్పుతో వ్యవస్థ మారదని రచయిత్రికి తెలుసు. అన్నా ఆ బడి వదిలి వెళ్ళిపోతుంది.

దీని పక్కన గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’ పెట్టి చూడండి. 1930ల మొదట్లో గుజరాతీలో వచ్చిన ఆ పుస్తకం మన టీచర్లు కూడా ఎంతో ఇష్టంగా చదివింది. నాకూ ఇష్టమే. అందులో మాస్టారు విద్యాధికారి దగ్గరికి తనంతట తనే వెళ్ళి, ఒక తరగతి ఇవ్వండి, ఒక్క ఏడాది ప్రయోగం చేస్తానని అడుగుతాడు. అధికారి ఇస్తాడు. చివర్లో మెచ్చుకుంటాడు. మగ టీచరు కల అధికారి మెప్పుతో ముగిసింది. ఆడ టీచరు కథ ఓడ ఎక్కడంతో ముగిసింది. ఇంకొక సంగతి: ‘దివాస్వప్న’ చదువుతుంటే ఆ మాస్టారికి రాత్రి అన్నం ఎవరు వండారన్న ప్రశ్న రాదు. రచయిత రానివ్వడు.

ఇన్‌స్పెక్టర్లంటే గుర్తొచ్చింది, మన చలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. అవతలి కుర్చీలో కూర్చుని బడులు చూసి విసిగిపోయిన మనిషి ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. పిల్లల్ని కొట్టడం గురించి, లొంగదియ్యడం గురించి ఆయన కోపం, సిల్వియా కోపం ఒక జాతివే. కానీ చలం పుస్తకంలో టీచరు దాదాపు లేదు. పిల్లలున్నారు, తల్లిదండ్రులున్నారు. ముప్ఫైమంది పసివాళ్ళ మధ్య నిలబడి, వాళ్ళని ప్రేమిస్తూనే అలసటతో కూలిపోయే ఆడమనిషి గురించి మాట్లాడాలంటే ఆ గదిలో ఉన్నావిడే రాయాలి.

‘టీచర్’ని పద్ధతుల పుస్తకంగా చదివితే పోయేది ఈ మనిషే. 1963లో అమెరికాలో అచ్చయి, హెర్బర్ట్ రీడ్ ముందుమాటతో వచ్చిన ఈ పుస్తకం నిజానికి పాఠ్యపుస్తకంలా లేనేలేదు. సగం సిద్ధాంతం, సగం డైరీ. ఒక పెద్ద ఆలోచన మొదలవుతుంది. ఇంతలో ఎవడో వచ్చి సెవెన్ నా కాలు తొక్కాడంటాడు. సెవెన్ అన్నది ఒక కుర్రాడి పేరు. ఆలోచన ఆగిపోతుంది, ముక్కు తుడవాలి, బూటు లేసు కట్టాలి. రెండు పేజీల తర్వాత ఆ ఆలోచన మళ్ళీ దొరుకుతుంది, కొన్నిసార్లు దొరకదు. సమీక్షకులకి ఇది క్రమం లేకపోవడంలా కనిపించింది. ఆడవాళ్ళ ఆలోచన ఎలాంటి సమయంలో, ఎన్ని ముక్కలుగా జరుగుతుందో ఇంత నిజాయితీగా చూపించిన విద్యా గ్రంథం నేను ఇంకొకటి చదవలేదు.

ఆ సమయం ఎక్కడిది అన్నదానికి జవాబు ‘మైసెల్ఫ్’లో ఉంది. 1967లో వచ్చిన ఈ డైరీ 1940ల మొదట్లో వాంగనుయి నది ఒడ్డున పిపిరికి అనే చోట వాళ్ళున్న రోజులది. ముగ్గురు పసిపిల్లలు, భర్త, బడి, బట్టలుతుకు. ఇవన్నీ ఉండగా ఆమె ఇంటికి కొంచెం దూరంగా ఉన్న ఒక చిన్న పాక సంపాదించుకుని, దానికి సెలా అని పేరు పెట్టుకుంది. అందులో చదువుకోవడం, రాసుకోవడం, బొమ్మలు వేసుకోవడం. తనకొక గది కావాలన్న వర్జీనియా వుల్ఫ్ మాట మనం వందసార్లు చెప్పుకున్నాం. సిల్వియా ఆ మాటని బడికి అన్వయించింది. తన లోపలి జీవితం ఎండిపోయిన టీచరు, పిల్లల లోపలి మాటని బయటికి తియ్యలేదని ఆమె వాదన. టీచరు ఎదుగుదల అంటే ఆమె దృష్టిలో ఇదే: మొదట తను మనిషిగా బతికుండటం. మనకిప్పుడు టీచరు ఎదుగుదల అంటే ‘వృత్త్యంతర శిక్షణ ఎన్ని రోజులు’ అనే లెక్క. అమ్మ సర్వీసు కాలంలో కాంప్లెక్స్ మీటింగులకీ, వేసవి శిక్షణలకీ లెక్కలేనన్ని రోజులు వెళ్ళింది. నువ్వేం చదువుతున్నావని గాని, ఏం రాస్తున్నావని గాని అక్కడెవరూ అడగలేదట. ఆమెకొక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. పిల్లలు అన్న మాటలు, చేసిన పనులు, తన విసుగు, అన్నీ అందులో రాసుకునేది. అధికారికి చూపించే టీచింగ్ నోట్సుకి అట్ట వేసి లేబుల్ అంటించేది. దీన్ని మాత్రం బియ్యం డబ్బా మీద పెట్టేది.

ఒక విచిత్రం చూడండి. ముగ్గురు పిల్లల తల్లి, హెడ్మాస్టరు భార్య అయిన సిల్వియా తన మొదటి నవలకి కథానాయికగా పెళ్ళికాని ఆవిణ్ణి ఎంచుకుంది. ఇల్లు, భర్త, పిల్లలు ఉన్న ఆడమనిషి తన పనిలో ఇంత పిచ్చిగా మునిగిపోయిందంటే పాఠకులు నమ్మరనుకుందా? నమ్మినా క్షమించరనుకుందా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. పనిని ప్రేమించే హక్కు కోసం ఆమె నవలలో కుటుంబాన్ని చెరిపేసింది. 1961లో ఈ నవలని హాలీవుడ్ ‘టూ లవ్స్’ పేరుతో సినిమా తీసినప్పుడు చెరపడానికి మిగిలిన పనిని కూడా చెరిపేసింది. షర్లీ మెక్లెయిన్ వేసిన అన్నా అమెరికన్ అయిపోయింది, టైటిలే ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమ సమస్య అయిపోయింది.

ఇంతవరకూ నేను సిల్వియా పక్షమే. అమ్మ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం కష్టమవుతుంది.

కీలక పదాలు నేర్చిన పిల్లలు తర్వాత సొంతంగా వాక్యాలు రాస్తారు. ‘టీచర్’లో వాటిని దిద్దకుండా, అలాగే ఇచ్చింది. నాన్న తాగొచ్చాడని, అమ్మని కొట్టాడని, అమ్మ ఏడ్చిందని ఐదారేళ్ళ పిల్లలు మామూలు విషయంలా రాస్తారు. సిల్వియాకి ఒక గట్టి నియమం ఉంది: పిల్ల రాసినదాంట్లో విషయాన్ని టీచరు మెచ్చుకోకూడదు, తప్పుపట్టకూడదు. చెప్పనివ్వాలి, అంతే. ఈ నియమం ఎంత విప్లవాత్మకమో మన వాచకాలు గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. వాటిలో నాన్న ఎప్పుడూ పేపరు చదువుతుంటాడు, అమ్మ ఎప్పుడూ నవ్వుతూ వడ్డిస్తుంటుంది. దెబ్బలు తిన్న అమ్మకి అక్షరాల్లోకి అనుమతి లేదు. సిల్వియా బడిలో ఆ అమ్మ మొట్టమొదటి పాఠం అయింది. గృహహింస అన్న మాట చట్టాల్లోకి రాకముందే, ఒక పల్లెటూరి బడిలో పసిపిల్లల అక్షరాల్లో అది నమోదైంది.

కానీ నమోదయ్యాక? సిల్వియా దృష్టి అంతా పిల్లవాడి మీద ఉంది. ఆ భయం కాగితం మీదకి వస్తే వాడి లోపలి ఒత్తిడి తగ్గుతుంది, రేపు వాడు కత్తి పట్టడు. ఇది ఆమె ఆశ. ఆ వాక్యంలో కర్మగా ఉన్న అమ్మ, ఆ సాయంత్రం మళ్ళీ అదే ఇంట్లో ఉంటుంది. పుస్తకంలో ఆ అమ్మలు బడి గుమ్మం దాకా రారు. మాట బయటికి రావడమే విడుదల అనుకోవడం కళాకారుల నమ్మకం. సిల్వియా మొదటా చివరా కళాకారిణి. పిల్లల బాధ ఆమె చేతిలో అందమైన గద్యమైంది. దాన్ని చదివి కదిలిపోతున్న నాకు కూడా ఈ నింద తగులుతుంది.

ఇంకొకటి, ఆ మాటలు ఏ భాషలో ఉన్నాయి? 1867 చట్టంతో స్థిరపడిన నేటివ్ స్కూళ్ళ ఉద్దేశమే మావోరి పిల్లల్ని ఇంగ్లీషులోకి తేవడం. బడిలో తమ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరాలున్నాయి అక్కడ. సిల్వియా మావోరి పిల్లల కోసం చేత్తో బొమ్మలు వేసి వాచకాలు తయారుచేసింది, వాళ్ళ ఇళ్ళని, వాళ్ళ పేర్లని అందులో పెట్టింది. తన పద్ధతి రెండు సంస్కృతుల మధ్య వంతెన అంది. కానీ ఆ వంతెన మీద రాకపోకలు ఒకవైపే. పిల్ల గుండె లోతుల్లోంచి వచ్చిన మాట ఇంగ్లీషులోనే అట్టమీదకెక్కింది. మావోరి కుటుంబాలు తామే పూనుకుని, పసిపిల్లలకి మావోరిలోనే మాటలు నేర్పే ‘కోహంగ రెయో’ భాషా గూళ్ళు 1982లో మొదలుపెట్టాయి. సిల్వియా అప్పటికి బతికే ఉంది. మనకీ ఇది దూరపు సంగతి కాదు. కోయ, గోండు, సవర, లంబాడీ పిల్లలకి తెలుగే పరాయి భాష అని మన విద్యాశాఖ గుర్తించి, ఎనిమిది భాషల్లో వాచకాలు మొదలుపెట్టింది 2004 ప్రాంతంలోనే. ‘అ అంటే అమ్మ’ అని మనం మురిసిపోయే పాఠంలో ‘అమ్మ’ తన అమ్మ కాని పిల్లలు ఎందరో.

‘స్పిన్‌స్టర్’లో వారెపరీత అనే మావోరి అమ్మాయి ఉంది. బడిలోని పెద్దపిల్ల. పాల్ అనే తెల్ల కుర్ర టీచరు వల్ల గర్భవతి అవుతుంది. పాల్ తర్వాత ఆత్మహత్య చేసుకుంటాడు. నవలలోని దుఃఖమంతా పాల్ గురించి, అతన్ని కాదన్న అన్నా అపరాధభావం గురించి. పసిపిల్లలందరికీ వాళ్ళ వాళ్ళ కీలక పదం ఇచ్చిన రచయిత్రి, ఈ అమ్మాయిని నీ మాటేమిటని అడగలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు నేనూ గమనించలేదు. అన్నాతో కలిసి ఏడ్చాను. రెండోసారి చదివినప్పుడు సిగ్గేసింది.

అమ్మ ప్రశ్నకి జవాబు సిల్వియాలో కాదు, మన నెల్లూరు జిల్లాలో దొరుకుతుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం కోసం తయారుచేసిన వాచకంలో తాగుబోతు మొగుడి వల్ల బతుకు పాడైన సీతమ్మ కథ పాఠంగా ఉంది. రాత్రి బడుల్లో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు అది తమ కథే అన్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్నవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని వాళ్ళ పోరాటమే ఇంకో పాఠమైంది, దాన్ని చదివి ఇంకో ఊరు కదిలింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయిందన్నదీ నిజమే. బెల్టు షాపులు ఆ తర్వాతి కథ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అక్కడ కూడా చదువు మొదలైంది కీలక పదంతోనే. భయమే ఆ మాట. కానీ అక్కడ ఆ మాట ఒక్కొక్కరి అట్టముక్కగా మిగిలిపోలేదు, అందరిదీ ఒకే మాట అని తేలింది. రంగి రాసిన కసాయికత్తి వాళ్ళ అమ్మ కూడా రాసి ఉంటే, పక్కింటావిడా అదే రాసి ఉంటే ఏమయ్యేదో ‘టీచర్’ ఊహించలేదు.

ఇది సిల్వియా ఒక్కతే మొయ్యాల్సిన బరువు కాదని కూడా అనుకుంటాను. అసిస్టెంటు టీచరుగా, పై అధికారుల గ్రేడు కింద బతికే ఆవిడ ఊళ్ళోవాళ్ళ కాపురాల్లోకి వెళ్ళి ఏం చెయ్యగలదు? పైగా తెల్లావిడ. వెళ్ళి ఉంటే అది ఇంకో రకం పెత్తనమయ్యేది. ఆమె గురించి 1988లో సమగ్రమైన జీవిత చరిత్ర రాసిన లిన్లీ హుడ్, సిల్వియా చెప్పుకున్న జీవితానికీ రికార్డుల్లో ఉన్న జీవితానికీ మధ్య తేడాలు చూపించింది. దేశం తనని పూర్తిగా తిరస్కరించిందని సిల్వియా చివరిదాకా అంటూనే ఉంది. కానీ ఆమె పద్ధతి గురించిన వ్యాసాలని 1950ల్లోనే అక్కడి టీచర్ల పత్రిక వేసుకుంది. తిరస్కారాన్ని పెద్దది చేసి చూపడం అబద్ధమే. అయితే తన మాట ఎవరూ వినలేదని ముప్ఫై ఏళ్ళు అనిపించిన మనిషికి, తర్వాత దొరికిన మెప్పు లెక్కలోకి రాకపోవడం నాకు వింతగా లేదు.

1970లో అమెరికాలో ఆస్పెన్‌లో ఒక ప్రయోగాత్మక బడికి ఆమెని పిలిచారు. ఆ అనుభవంతో ‘స్పియర్‌పాయింట్’ రాసింది. అక్కడ ఆమె పద్ధతి పారలేదు. టీవీ ముందు పెరిగిన ధనికుల పిల్లల్ని మాట అడిగితే, లోపల ఏ మాటా దొరకలేదని వాపోయింది. పిల్లల్ని నిందించిన ఆ పేజీలు నాకు నచ్చవు. కానీ పద్ధతి పేరుతో అట్టముక్కల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్ళడం కుదరదని ఆమె జీవితంలో అందరికంటే ముందు ఆమెకే తెలిసొచ్చింది. ఇవాళ మన శిక్షణల్లో పిల్లల సొంత మాటలతో బోధించండని కరపత్రం ఇస్తారు. ఆ మాట వినడానికి టీచరుకి తీరికెక్కడిదో, విన్నాక ఆమె ఎవరికి చెప్పుకోవాలో అందులో ఉండదు.

ఈ వ్యాసం రాసేముందు అమ్మని అడిగాను, ‘బెల్టు అన్న పాపకి అట్ట రాసిచ్చాక నువ్వేం చేశావమ్మా?’ అని.

‘మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పుస్తకాలకి డబ్బులు కట్టాలని వంక పెట్టి. వాళ్ళమ్మ తలుపు సగమే తీసింది. ముఖం కొంగుతో కప్పుకునుంది. పిల్ల బాగా చదువుతోందమ్మా అన్నాను. సరే టీచరుగారూ అంది. తలుపేసేసింది.’

‘తర్వాత?’

‘తర్వాత రెండు మూడుసార్లు వెళ్ళాను. నాలుగోసారి లోపలికి రమ్మంది. మంచినీళ్ళిచ్చింది. ఏం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ ఏడాదే బదిలీ అయింది నాకు.’

నోట్‌బుక్కులో ఉంటుందేమో చూద్దామని వెతికాం. ఆ ఏడాది పుస్తకం చెదలు తినేసింది.